8 సొంత పాటలు, 3 లక్షలు, మొదటి ఆల్బమ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి చదివేవాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీరు రాజమండ్రిలో టీచరు. లలిత సంగీతం నేర్చుకున్నారు. సొంతంగా రాసి బాణీ కట్టుకున్న పాటలు 8 ఉన్నాయి, వాటికి తోడు ఒక అన్నమయ్య కీర్తన. చీటీ ఎత్తితే వచ్చిన 3 లక్షలు చేతిలో ఉన్నాయి. వచ్చే నెల హైదరాబాద్ వచ్చి, నాలుగు రోజులు స్టూడియో తీసుకుని, తొమ్మిదీ రికార్డ్ చేసేసి సంక్రాంతికి ఆల్బమ్ వదలాలని మీ ఆలోచన. ఈలోగా ఒక కంపెనీ వాళ్ళు "ఖర్చు లేకుండా మేమే రిలీజ్ చేస్తాం, సంతకం పెట్టండి" అన్నారు. ఏం చేయమంటారు అని అడిగారు.

స్టూడియో బుకింగ్ క్యాన్సిల్ చేయండి. సంతకం ఆపండి. ఇంకో మూడు నెలలు ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా పని చేయండి. సంక్రాంతి మళ్ళీ వస్తుంది.

నేను సొంతంగా రెండు ఆల్బమ్‌లు చేశాను. పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక చిన్న గదిలో వేరేవాళ్ళ పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేస్తున్నాను. నా మొదటి ఆల్బమ్‌కి నేను కూడా మీలాగే నేరుగా పెద్ద స్టూడియోకి వెళ్ళాను. గంటకింత అని మీటరు తిరుగుతుంటే అక్కడ కూర్చుని చరణం మార్చి రాసుకున్నాను. ఇంటి దగ్గర డాబా మీద ఊరికే చేయాల్సిన పనికి స్టూడియో అద్దె కట్టానన్నమాట. ఆల్బమ్ బయటికి వచ్చే సమయానికి చేతిలో రూపాయి లేదు, ఆ పాటలున్నాయని నలుగురికి చెప్పే ఓపికా లేదు. మొదటిసారి చేసేవాళ్ళలో ఎక్కువమంది రికార్డింగ్‌కే మొత్తం పోసేస్తారు. దానికి ముందుండే పాట పని, దాని తర్వాతుండే కాగితం పని గాలికి వదిలేస్తారు. అందుకే ఇక్కడ మైకుల గురించి తక్కువ, ఆ రెండిటి గురించి ఎక్కువ రాస్తున్నాను.

మీరు పంపిన రెండు ఫోన్ రికార్డింగులూ విన్నాను. మొదటిది బాగుంది, దాన్ని కదపొద్దు. రెండోదాని పల్లవిలో ఒక తేడా ఉంది. మీరు రాసుకున్నది "పడవ కదిలే రేవు". పాడేటప్పుడు మొదటి అక్షరం మీద రెండు మాత్రలు ఆగుతున్నారు. దాంతో "పడవ" కాస్తా "పాడవ" అయింది. పక్క గదిలో ఉన్న మా ఆవిడ విని, "ఎవరిని పాడమంటోంది?" అని అడిగింది. కాగితం చూసుకుంటూ పాడే మీకు ఇది ఎప్పటికీ వినిపించదు. తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే మాటే మారిపోతుంది. ఆ లైన్‌లో "పడవ"లో మూడూ లఘువులే. సాగడానికి చోటున్నది "కదిలే"లో "లే" దగ్గర, "రేవు"లో "రే" దగ్గర. పడవను చకచకా దాటించేసి, "రే" మీద మీ ఇష్టం వచ్చినన్ని సంగతులు వేసుకోండి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి లైన్ చివర ఎంతసేపు నిలబడ్డా గొంతు తెరుచుకునే ఉంటుంది. ఆ సౌకర్యాన్ని వదిలేసి లైన్ మొదట్లో సాగదీయడం ఎందుకు?

ఎనిమిది పాటలకూ ఇదే పరీక్ష పెట్టండి. సాహిత్యం తెలియని మనిషికి ఫోన్‌లో వినిపించి, విన్నది విన్నట్టు రాయమనండి. మీ క్లాసులో పిల్లలైతే మరీ మంచిది, వాళ్ళు మొహమాటపడరు. ఎక్కడ తప్పు రాశారో అక్కడ బాణీ అయినా మారాలి, మాటైనా మారాలి.

తర్వాత శ్రుతి, అంటే పాట ఎంత ఎత్తులో ఉండాలన్నది; అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. ఆ రెండో పాట ఐదున్నర శ్రుతిలో పాడారు. కచేరీ అలవాటు అది, అర్థమైంది. పల్లవి హాయిగా ఉంది గానీ చరణంలో తారస్థాయి పంచమం దగ్గరికి వచ్చేసరికి గొంతు పలచబడి అరుపులోకి వెళ్తోంది. సభలో ఆ అరుపే చప్పట్లు తెస్తుంది. మైకుకి జానెడు దూరంలో మాత్రం చెవిలో గుచ్చుకుంటుంది. ఐదుకి దించి చూడండి, కుదరకపోతే నాలుగున్నరకి. ప్రతి పాటనీ మూడు శ్రుతుల్లో పాడి, మర్నాడు పొద్దున విని ఒకటి ఖాయం చేసుకోండి. ట్రాక్ తయారయ్యాక శ్రుతి మార్చాలంటే కంప్యూటర్‌లో కూర్చిన వాయిద్యాలు, అంటే ప్రోగ్రామింగ్, ఎలాగోలా మారుతుంది. అప్పటికే వాయించి వెళ్ళిపోయిన వేణువును మాత్రం మళ్ళీ పిలిపించాలి.

ఇక ఎన్ని పాటలు? నా మాట వింటే ఐదు. తొమ్మిది పాటల ఆల్బమ్ అంటే గౌరవంగా ఉంటుందని మీరు రాశారు. ఒప్పుకుంటాను, మా తరానికి క్యాసెట్ అంటే ఏ సైడు, బీ సైడు. కానీ లెక్క ఒకటి చూడండి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి గడిచిన 12 నెలల్లో కనీసం 1000 ప్లేలు లేకపోతే ఆ పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. తొమ్మిది పాటలకి తలా 300 వస్తే అక్కడ మీకు వచ్చేది సున్నా. డబ్బు సంగతి పక్కన పెట్టినా, తొమ్మిది పాటలకి సరిపడా శ్రద్ధ 3 లక్షల్లో దొరకదు. ఐదు పాటలు అరగంటలోపు ఉంటే అక్కడ దాన్ని ఈపీ, అంటే చిన్న ఆల్బమ్, అంటారు. పేరేదైనా వినేవాడికి పట్టింపు లేదు. "ఏ సినిమాలోది?" అని అడుగుతాడు, అంతే. ఆ ప్రశ్నకి మాత్రం సిద్ధంగా ఉండండి. పదకొండేళ్ళుగా నేను వింటూనే ఉన్నాను.

అన్నమయ్య కీర్తన గురించి కాస్త ఆగి చెప్పాలి. "500 ఏళ్ళ పాట కదా, దానికి హక్కులేంటి" అన్నారు. సాహిత్యానికి నిజమే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ తిరుమల రాగిరేకుల మీద మనకి దొరికింది సాహిత్యం, రాగం పేరు. వరస దొరకలేదు. ఇవాళ మనం పాడుకునే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు స్వరపరిచినవే తీసుకోండి. ఆయన 1979లో కాలం చేశారు. మన చట్టంలో స్వరకర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు హక్కు ఉంటుంది కాబట్టి ఆ బాణీల మీద హక్కు 2039 చివరి దాకా నడుస్తుంది. ఆ తర్వాతి తరం వాళ్ళు కట్టినవి ఇంకా చాలాకాలం. మీరు నేర్చుకున్న వరస ఎవరిదో మీ గురువుగారిని అడగండి. తేలకపోతే రేకు మీదున్న రాగంలోనే మీ సొంత వరస కట్టుకోండి. మీకు చేతనవును, మొదటి పాట విన్నాక ఆ నమ్మకంతోనే అంటున్నాను. జానపదాలకీ ఇదే జాగ్రత్త. "మా ఊరి పాట" అనుకున్నదాన్ని ఎవరో ఎప్పుడో కూర్చుని రాసి ఉండొచ్చు.

పాటలు ఖాయమయ్యాక రికార్డింగ్. ఇది త్వరగా ముగిస్తాను. గొంతు ఇంట్లోనే రికార్డ్ చేసుకోవచ్చు. మైకుని కంప్యూటర్‌కి కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, చుట్టూ మూసి ఉండే హెడ్‌ఫోన్లు చాలు. కండెన్సర్ మైకు కొనాలని అందరూ సలహా ఇస్తారు. బాగా కట్టిన గదిలో అది బ్రహ్మాండం. మామూలు గదిలో అది మీ గొంతుతో పాటు కుక్కర్ విజిల్‌నీ, ఇన్వర్టర్ హమ్మునీ, వీధిలో ఉల్లిపాయల బండి మైకునీ కూడా శ్రద్ధగా పట్టుకుంటుంది. దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టే ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుతో, తెరిచిన బట్టల బీరువా ముందు, వెనకాల రెండు బొంతలు వేలాడదీసుకుని పాడండి. ఫ్రిజ్, ఫ్యాన్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులో పెట్టండి, మళ్ళీ వేయడం మర్చిపోరు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. మీ గట్టి స్వరం కూడా మీటరు మీద మైనస్ 10 డీబీ దాటకుండా చూసుకోండి. "భ", "ఫ" వచ్చినప్పుడు గాలి నేరుగా మైకు మీద పడకుండా పాప్ ఫిల్టర్ పెట్టి, మొహం కొంచెం పక్కకి తిప్పండి. శ, ష, స ఎక్కువున్న లైన్లు ఇంకోసారి పాడి ఉంచండి. ఒక్కో పాటకి నాలుగు టేకులు పూర్తిగా పాడి, అన్నీ దాచండి. ఇంతే.

స్టూడియో కావాల్సింది లైవ్ వాయిద్యాలకి. వేణువు, వీణ, మృదంగం లాంటివి ఒక్క రోజులో ఐదు పాటలకీ అయిపోతాయి, మీరు నొటేషన్ ముందే రాసి పంపితే. ఆ రోజు అక్కడ కొత్త ఆలోచనలు చేయకండి.

నన్నే 3 లక్షలు ఖర్చు పెట్టమంటే ఇలా పెడతాను: అరేంజ్‌మెంట్, ప్రోగ్రామింగ్‌కి లక్ష. లైవ్ వాయిద్యాలు, ఆ ఒక్క రోజు స్టూడియోకి 40 వేలు. మిక్సింగ్ (గొంతునీ వాయిద్యాలనీ కలపడం), మాస్టరింగ్ (విడుదలకి ముందు చివరి మెరుగు) రెండిటికీ 60 వేలు. కవర్ బొమ్మకి 10 వేలు. మిగిలిన 90 వేలు విడుదల అయ్యేదాకా ముట్టుకోను. ఇది నా లెక్క. ప్రోగ్రామర్ స్నేహితుడైతే అంకెలు మారతాయి, స్నేహం కూడా మారే ప్రమాదం ఉంది కాబట్టి అతనికీ డబ్బు ఇవ్వండి.

మాస్టరింగ్‌లో "బాగా లౌడ్‌గా కావాలి" అని పట్టుబట్టకండి. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో ప్రతి పాటనీ మైనస్ 14 లఫ్స్ (వినిపించే గట్టిదనానికి కొలత) దగ్గరికి తెస్తుంది. మీరు పిండి పిండి లౌడ్ చేసి పంపినదాన్ని వాళ్ళు తగ్గిస్తారు, పిండినందుకు పోయిన ఊపిరి మాత్రం తిరిగి రాదు. మిక్స్ వచ్చాక ఫోన్ స్పీకర్‌లో, కార్లో, ఏదైనా ఆటోలో వినండి. ఆటోలో మాట అర్థమైతే మిక్స్ ఓకే.

ఇప్పుడు కాగితాలు. దీనికి బద్ధకిస్తారని తెలుసు.

పాటలో రెండు ఆస్తులుంటాయి. ఒకటి పాట, అంటే సాహిత్యం, బాణీ. రెండోది ఆ పాటని రికార్డ్ చేసిన ఆడియో. రెండిటి హక్కులూ వేరు, డబ్బు వచ్చే దారులూ వేరు. మొదటిది రాసినవాళ్ళది. రెండోది సాధారణంగా డబ్బు పెట్టి తీయించినవాళ్ళది, ఇక్కడ అదీ మీరే. కానీ మీ ప్రోగ్రామర్ పల్లవి, చరణాల మధ్య వచ్చే ఇంటర్‌లూడ్‌లో సొంత బాణీ కట్టి ఉంటే, రేపు అది తనదనొచ్చు. హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. వాట్సాప్‌లో "సరే అక్కా" అంటే సరిపోదు. ఒక్క పేజీ చాలు: ఏ పాట, ఏం పని చేశాడు, ఎంత తీసుకున్నాడు, ఆడియో మీద హక్కు ఎవరిది, క్రెడిట్‌లో పేరు ఎలా పడాలి, రచనలో వాటా ఉంటే ఎంత శాతం. వేణువు వాయించినాయన దగ్గరా డబ్బు ఇచ్చే రోజే సంతకం తీసుకోండి. ఇది అనుమానించడం కాదు. పెద్ద కళాకారులు వాళ్ళే అడుగుతారు.

ప్రోగ్రామర్ వాడిన లూపుల (ముందే రికార్డ్ చేసి అమ్మే సంగీతపు ముక్కల) గురించి కూడా అడగండి. నా రెండో ఆల్బమ్‌లో ఒక పాటకి ఎవరైనా కొనుక్కోగల శాంపిల్ ప్యాక్‌లోంచి వేణువు లూప్ ఒకటి వాడాం. అదే లూప్ వాడిన ఇంకెవరో తన పాటని యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఎవరి ఆడియో ఎవరి వీడియోలో ఉందో పట్టే వ్యవస్థ) పెట్టుకున్నాడు. నా పాట నా చానెల్‌లో వేస్తే నా మీదే క్లెయిమ్ వచ్చింది. అది తీయించుకునేసరికి విడుదల వారం గడిచిపోయింది. మొదటి ఏడు రోజులు జనం చూసిన వీడియోకి వచ్చిన కాస్త ప్రకటనల డబ్బు సంగతి వదిలేయండి, ఆ టెన్షన్‌తో నేను పాట గురించి ఎవరికీ చెప్పలేకపోయాను. అలాంటి లూపులున్న పాటని మీరు కూడా కంటెంట్ ఐడీలో పెట్టకూడదు, అది నియమం.

ఆ కంపెనీ ఒప్పందం. మీరు పంపిన ఫొటోలో మూడో పేరాలో "ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా" అని ఉంది. ఆ రెండు మాటలు ఊరికే రాయరు. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఒప్పందంలో కాలం రాయకపోతే 5 ఏళ్ళే, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. అందుకే వాళ్ళు ముందే రాసుకున్నారు. వాళ్ళు మీకు చేసే పని ఏమిటి? పాటని యాప్‌లలో పెట్టడం. ఆ పని డిస్ట్రిబ్యూటర్ ద్వారా మీరే చేసుకోవచ్చు, హక్కు మీ దగ్గరే ఉంటుంది. నిజంగా వాళ్ళతో వెళ్ళాలనిపిస్తే బదిలీ కాకుండా లైసెన్స్ అడగండి, మూడేళ్ళకి, ఆడియో వరకే. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: 2012లో చట్టం మారిన తర్వాత రచయితకీ, స్వరకర్తకీ రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు ఉంది. సంతకం పెట్టి వదులుకున్నా చెల్లదు. "రాయల్టీ ఏమీ రాదండీ, రూలు అంతే" అని ఎవరైనా అంటే ఇది చెప్పండి.

డిస్ట్రిబ్యూటర్లలో డిస్ట్రోకిడ్ లాంటివి ఏడాదికింత తీసుకుంటాయి, కట్టడం మానేస్తే పాటలు దిగిపోయే అవకాశం ఉంది, లేదంటే పాటలు ఎప్పటికీ ఉండటానికి విడిగా కట్టాలి. సీడీ బేబీ విడుదలకి ఒక్కసారే రుసుము తీసుకుని, వచ్చినదాంట్లో 9 శాతం ఉంచుకుంటుంది. ఏటా గుర్తుపెట్టుకుని కట్టే రకం కాకపోతే రెండో పద్ధతి మేలు. ప్రతి పాటకీ ఆ రికార్డింగ్‌ని గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ వాళ్ళే ఇస్తారు. దాన్ని రాసి దాచుకోండి. డాలర్లలో వచ్చే డబ్బుకి డబ్ల్యూ-8 బెన్ అనే అమెరికా పన్ను ఫారం పాన్ నంబరుతో సరిగ్గా నింపండి. అమెరికా ఆదాయం మీద 30 శాతం బదులు రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతమే పట్టుకుంటారు. మన పాటలు అక్కడి తెలుగువాళ్ళు బాగానే వింటారు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

డిస్ట్రిబ్యూటర్ తెచ్చేది ఆడియో డబ్బు. రచయిత, స్వరకర్తగా మీ వాటా వేరే దారిలో వస్తుంది. దానికి రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యురాలిగా చేరి, ఒక్కో పాటనీ వాటా శాతాలతో నమోదు చేయాలి. కాపీరైట్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాహిత్యానికి 500, బాణీకి 500, సౌండ్ రికార్డింగ్‌కి 2000 రూపాయల ఫీజు. నేనైతే అన్నిటికీ చేయించను, బాగా ఆడుతుందనుకున్న ఒక్కదానికి చేయిస్తాను.

పేరు గురించి జాగ్రత్త. మీరు పెట్టుకుందామనుకుంటున్న పేరుతో ఇప్పటికే ఎవరున్నారో అన్ని యాప్‌లలో వెతకండి. నా దగ్గర రికార్డ్ చేసిన ఒకమ్మాయి పాట ఒడియా భక్తి గాయని పేజీలోకి వెళ్ళిపడింది, ఇద్దరి పేరూ ఒకటే. ఇంటిపేరు కలుపుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కటే ఖాయం చేసుకుని ప్రతి చోటా అదే వాడండి. "లక్ష్మి"ని నాలుగు రకాలుగా రాస్తే నలుగురు గాయనులవుతారు.

విడుదల ఒకేసారి వద్దు. మొదటి పాట, ఐదు వారాలకి రెండోది, ఇంకో ఐదు వారాలకి మిగతా మూడూ కలిపి మొత్తం ఈపీ. ఈపీలో ఆ రెండు పాటలకీ అదే ఆడియో, అదే ఐఎస్ఆర్‌సీ ఇస్తే పాత ప్లేలు కూడా కలిసే ఉంటాయి. ప్రతిసారీ నాలుగు వారాల ముందే అప్‌లోడ్ చేయండి. ప్లేలిస్టులు కూర్చే స్పాటిఫై ఎడిటర్లకి పాట పంపడం విడుదలకి ముందే కుదురుతుంది. కనీసం 7 రోజుల ముందు పంపితే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ళ రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టులో ఆ పాట పడుతుంది. కవర్ 3000 బై 3000 పిక్సెళ్ళు, చతురస్రం. దాని మీద ఫోన్ నంబరు, "సూపర్ హిట్" లాంటివి వేయకండి, వెనక్కి పంపేస్తారు.

"3 వేలిస్తే లక్ష ప్లేలు" అని మెసేజ్ వస్తుంది, తప్పకుండా వస్తుంది. దొంగ ప్లేలు దొరికితే పాట దిగిపోతుంది, డిస్ట్రిబ్యూటర్‌కి పడే జరిమానా మీ ఖాతాలోంచే పోయినా ఆశ్చర్యం లేదు.

దాచిన 90 వేలలో సగం ఒక మంచి వీడియోకి. డ్రోన్లు, హీరోయిన్ చీరలు వద్దు. గోదావరి మీ ఇంటి ముందే ఉంది, మీరు కూర్చుని పాడితే చాలు, సాహిత్యం తెలుగు లిపిలో కింద పడాలి. మిగతా సగం ప్రయాణాలకి. హైదరాబాద్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో ఒక సాయంత్రం పాడండి, మీ ఊళ్ళో ఒకటి. సీడీలు వేయించకండి, పెట్టుకుని వినడానికి ఎవరి దగ్గరా ప్లేయర్ లేదు. ఐదు పాటల సాహిత్యం చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, వెనక క్యూఆర్ కోడ్ పెట్టి 50 రూపాయలకి అమ్మండి. నా రెండో ఆల్బమ్‌కి నాలుగు నెలల స్ట్రీమింగ్ కంటే ఒక్క సాయంత్రం ఆ పుస్తకాలే ఎక్కువ తెచ్చాయి.

ఇవన్నీ తర్వాత. ముందు ఈ ఆదివారం ఆ "పడవ" పాట ఐదు శ్రుతిలో ఒకసారి, నాలుగున్నరలో ఒకసారి పాడి ఇక్కడే పెట్టండి. ఫోన్‌లోనే చాలు. ఈసారి ఫ్యాన్ ఆపి.